మ్యూజ్‌కి తెలుగు ఏమిటి? మరియాన్ ఫెయిత్‌ఫుల్ గురించి రాస్తుంటే వచ్చిన ప్రశ్న

ప్రశ్న: ఇంగ్లండ్ గాయని మరియాన్ ఫెయిత్‌ఫుల్ మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అందులో ఆమెను పదేపదే రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందానికి "మ్యూజ్" అన్నారు. "ప్రేరణ" అని రాస్తే చాలాచోట్ల అతకడం లేదు. "ఊహాసుందరి" అంటే సినిమా పాటలా వినిపిస్తోంది. మంచి మాట ఉంటే చెప్పండి.

వ్యాఖ్య: "స్ఫూర్తిప్రదాత" అనొచ్చండీ. లేదా భావకవుల పద్ధతిలో "ఊర్వశి".

వ్యాఖ్య: "స్ఫూర్తిప్రదాత" సన్మానపత్రాల్లో నలిగి నలిగి పస పోయిన మాట. "ఊర్వశి" అందమైన మాటే కానీ ఇక్కడ పనికిరాదు. కృష్ణశాస్త్రి ఊర్వశి ఊహలోంచి దిగివచ్చింది. ఆమెకు అద్దె కట్టే బాధ లేదు, కన్నకొడుకు తన దగ్గర పెరగకుండా పోయే బాధా లేదు. మరియాన్ ఆ రెండూ పడింది.

అసలు గ్రీకుల మ్యూజ్‌లు ఎవరో చూడండి. తొమ్మిదిమంది దేవతలు, జ్ఞాపకశక్తి అనే తల్లికి పుట్టిన కూతుళ్లు. ఇలియడ్ మొదటి పాదంలోనే కవి "దేవీ, పాడు" అని వేడుకుంటాడు. పాడేది ఆమె, కవి వినిపించేవాడు. మనకు ఆ స్థానం సరస్వతిది. పోతన పేరు మీద చెప్పుకునే "కాటుక కంటినీరు చనుకట్టుపయిం బడ నేల యేడ్చెదో" చాటువు గుర్తు చేసుకోండి. అందులో కవి ఆమెను "ఓ మదంబ" అని పిలిచి, నిన్ను అమ్ముకోనని మాట ఇస్తాడు. ఇరవయ్యో శతాబ్దపు పత్రికల దగ్గరికొచ్చేసరికి ఇదంతా తల్లకిందులైంది. పేరున్న మగవాడు పాడతాడు, పక్కనున్న అమ్మాయి మ్యూజ్ అవుతుంది. ఆమె నోరు విప్పిందా, కలం పట్టిందా అని ఎవరూ అడగరు.

మరియాన్ రెండూ చేసింది. 1946లో లండన్‌లో పుట్టింది. 1964లో, పదిహేడేళ్లప్పుడు, ఒక పార్టీలో స్టోన్స్ మేనేజరు ఆండ్రూ లూగ్ ఓల్డమ్ కంట్లో పడింది. అదే ఏడు "యాజ్ టియర్స్ గో బై" పాడి పేరు తెచ్చుకుంది. స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్‌తో కలిసి ఉన్నది 1966 నుంచి 1970 దాకా. అంటే అతని జీవితంలోకి రాకముందే ఆమె గాయని. ఈ వరస మీ అనువాదంలో పోకుండా చూడండి.

స్టోన్స్ పాడిన "సింపతీ ఫర్ ద డెవిల్" పాట వెనక రష్యన్ రచయిత బుల్గాకోవ్ నవల ఉంది. ఆ పుస్తకం జాగర్ చేతికిచ్చింది ఆమే. ఇక్కడ కావాలంటే "ప్రేరణ" అనండి, నాకు అభ్యంతరం లేదు. "సిస్టర్ మార్ఫీన్" దగ్గర మాత్రం ఆ మాట అన్యాయం. ఆసుపత్రి మంచం మీద పడి, నర్సు మళ్లీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే రోగి గొంతుతో సాగే పాట అది. సాహిత్యం తనదని ఆమె చెబుతూనే వచ్చింది. 1969లో ఆమె గొంతుతోనే ముందు విడుదలైంది, కంపెనీ తొందరలోనే వెనక్కి తీసుకుంది. 1971లో స్టోన్స్ "స్టికీ ఫింగర్స్" ఆల్బమ్‌లో అదే పాట వచ్చినప్పుడు రచన కింద జాగర్, బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్ పేర్లే ఉన్నాయి. ఆమె పేరు మళ్లీ ఎక్కడానికి 1990ల దాకా పట్టింది. రాసిన మనిషిని "రాయించిన మనిషి" అని మనం కూడా తెలుగులో రాస్తే, ఆ ఆల్బమ్ అట్ట చేసిన పనే మళ్లీ చేసినట్టు.

వ్యాఖ్య: మీ ఆవేదన అర్థమైంది. కానీ ఆమె వివాదాల మనిషి కూడా కదండీ? మాదకద్రవ్యాలు, పోలీసు దాడి... అవన్నీ పక్కన పెట్టేస్తే ఎలా?

వ్యాఖ్య: పక్కన పెట్టమనను, వివరంగా రాయమంటాను. 1967 ఫిబ్రవరి 12న ససెక్స్‌లో కీత్ రిచర్డ్స్ ఇల్లు రెడ్‌లాండ్స్ మీద పోలీసులు దాడి చేశారు. అప్పుడే స్నానం చేసి వచ్చిన మరియాన్, మార్చుకోను బట్టలు లేక మంచం మీది ఫర్ దుప్పటి ఒంటికి చుట్టుకుని కూర్చుంది. ఆమె మీద కేసు లేదు. కోర్టులో పేరు కూడా చెప్పకుండా "మిస్ ఎక్స్" అన్నారు. అయినా దేశమంతా మాట్లాడుకున్నది ఆ దుప్పటి గురించే. జాగర్‌కి, రిచర్డ్స్‌కి శిక్ష పడితే టైమ్స్ పత్రిక జాగర్ తరఫున సంపాదకీయం రాసింది, అప్పీల్లో ఇద్దరూ జైలు తప్పించుకున్నారు, హీరోలయ్యారు. ఆమెకు మిగిలింది చెడ్డపేరు. జాగర్ గురించి న్యాయంగా ఒకటి చెప్పాలి: అతనికి శిక్ష తెచ్చిన నాలుగు మాత్రలు నిజానికి తనవేననీ, అతను తన మీద వేసుకున్నాడనీ ఆమే తర్వాత ఒప్పుకుంది.

ఆ తర్వాతి కథ కష్టమైంది. 1969లో సిడ్నీలో నిద్రమాత్రలు మింగి రోజుల తరబడి స్పృహలో లేదు. కొడుకు సంరక్షణ హక్కు పోయింది. హెరాయిన్‌కి బానిసై లండన్ సోహోలో వీధుల్లో బతికింది. ఇవి దాచాల్సిన సంగతులు కావు. అయితే ఆమె వ్యసనపరురాలు కాబట్టి ఆమె రాసినవి ఆమెవి కావనే వాదన ఎక్కడా నిలబడదు. అదే వ్యసనం ఉన్న రిచర్డ్స్ పేరును పాటల మీంచి ఎవరూ తీసేయలేదు కదా.

ఇంకో ముక్క, మన గ్రూపుకి నచ్చుతుందని చెబుతున్నా. ఆమె తల్లి జాఖర్-మాజోఖ్ వంశపు ఆడబిడ్డ. ఆ ఇంటి రచయిత లియోపోల్డ్ పేరు మీంచే ఒక మనోవైద్యుడు 1890లో "మాసోకిజం" (బాధ పడటంలో సుఖం పొందడం) అనే మాట పుట్టించాడు. రచయిత ఇంకా బతికే ఉన్నాడు, ఆ మాట ఆయనకు ఇష్టం లేదు. అయినా అదే స్థిరపడిపోయింది. ఒకరు తగిలించిన మాట మనిషిని మింగేయడం ఆ కుటుంబానికి కొత్తేమీ కాదన్నమాట.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. "సిస్టర్ మార్ఫీన్" పేరాలో "గీత రచయిత్రి" అని మార్చాను. 1979 నాటి "బ్రోకెన్ ఇంగ్లిష్" పేరాలోనూ మూలంలో "మాజీ మ్యూజ్" అని ఉంది. అక్కడేం చేయమంటారు?

వ్యాఖ్య: తీసేసి "గాయని" అని పెట్టండి. బొంగురుపోయి, కిందికి దిగిపోయిన గొంతుతో ఆమె పాడిన ఆల్బమ్ అది. ఆ గొంతే ఆమెకు రెండో జీవితం ఇచ్చింది, గ్రామీ నామినేషన్ కూడా తెచ్చింది. పత్రికలు ఆమెను ఏమన్నాయో చెప్పే వాక్యాల్లో మాత్రం "మ్యూజ్" అనే మాటనే కొటేషన్లలో ఉంచండి, తెలుగు చేయకండి. అది వాళ్ల మాట, వాళ్లకే ఉండనివ్వండి.

ప్రశ్న అడిగినవారు: చివరిగా ఒకటి. 2021లో సంగీతకారుడు వారెన్ ఎలిస్‌తో చేసిన ఆల్బమ్‌లో బైరన్, కీట్స్, షెల్లీ కవితలున్నాయి. "పఠించింది" అనాలా, "చదివింది" అనాలా?

వ్యాఖ్య: "చదివింది" చాలండీ. కోవిడ్‌తో ఆసుపత్రిపాలై బయటపడ్డాక పూర్తి చేసిన ఆల్బమ్ అది. ఆ సంగతి కూడా అదే వాక్యంలో చేర్చండి. 2025 జనవరి 30న, 78 ఏళ్ల వయసులో లండన్‌లో పోయిందన్నది మీ వ్యాసంలో ఉందో లేదో చూసుకోండి. పాత వ్యాసమైతే ఉండదు.