బంగారు బల్లి పేరును చట్టంతో మార్చాలా?

శేషగిరి: మన శేషాచలం కొండల్లో బతికే బంగారు బల్లి పేరు మార్చమని అసెంబ్లీలో తీర్మానం పెట్టిస్తే ఎట్లుంటుంది? 'బంగారు' అన్న మాటకే దొంగల కళ్లు పడతాయని నా భయం. 'శేషాచలం బల్లి' అందాం. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 2014లో చట్టం చేసి, ప్రభుత్వ కాగితాల్లో 'ఏషియన్ కార్ప్' చేపలను 'ఇన్వేసివ్ కార్ప్' అని మార్చింది. ఆ పేరు ఆసియా మూలాలున్నవాళ్లను నొప్పిస్తోందని పట్టుబట్టి సాధించుకున్నారు.

కొండకింద: అన్నా, అక్కడ నొచ్చుకున్నది మనుషులు. ఇక్కడ బల్లి వచ్చి అర్జీ పెట్టిందా? ఈశాన్యంలో టోకే బల్లి పేరులో బంగారం యాడుంది? ఎయిడ్స్‌కు మందని ఎవడో పుట్టించిన అబద్ధానికే దాన్ని పట్టి అమ్ముకున్నారు.

తలకోన నడక: 'శేషాచలం బల్లి' అన్నా తప్పే. 1870లో బెడ్డోమ్ అనే బ్రిటిష్ అధికారి దీన్ని లోకానికి చెప్పింది తిరుపతి కొండల నుంచే, కాదనను. తర్వాత అటు ఒడిశాలో, ఇటు తమిళనాడులో కూడా కనబడింది. వేలూరోళ్లు ఊరుకుంటారా?

అసలు ఆ పసుపు మెరుపు మగదానికే, అదీ జోడుకట్టే కాలంలో. పగలంతా బండ సందులోనే. నీటి ఊట పక్కన బండ అడుగున చూడండి, తెల్లటి గుడ్లు గుంపుగా అంటుకొని ఉంటాయి. మనవాళ్లు అట్లాంటి బండల మీదే పేర్లు చెక్కి, సందుల్లో ఖాళీ సీసాలు దోపి వస్తారు. చట్టమే కావాలంటే దాని మీద అడగండి.

పలమనేరు రైతు: 2018లో మన రాష్ట్ర పక్షిగా పాలపిట్టను తీసేసి రామచిలుకను పెట్టినారు. చిలక జోస్యం ఆగిందా? కౌండిన్య అడవి నుంచి వచ్చే ఏనుగును గజరాజని మొక్కేదీ మేమే, రాత్రి చేన్లో పడితే టపాకాయలు కాల్చేదీ మేమే.

శేషగిరి: చిలక సంగతి ఒప్పుకుంటా. అయినా తీర్మానం పెడితే ఒక్కరోజైనా పేపర్లో బల్లి బొమ్మ పడుతుంది కదా? మన ఊరోళ్లు కంచికి పోయి గుడి కప్పు మీది బంగారు బల్లిని తాకి వస్తారు. ప్రాణమున్నది మన కొండలోనే ఉందంటే నమ్మరు.

కొండకింద: నీకు కావాల్సింది బొమ్మే అయితే అసెంబ్లీ దాకా ఎందుకన్నా? అలిపిరి మెట్ల దారిలో ఒక బోర్డు పెట్టమని అర్జీ రాయి, నేనూ సంతకం పెడతా. పేరు మాత్రం ముట్టుకోవద్దు.