సొక్కజేయు ధీరుడా, చొక్కజేయు ధీరుడా?

రామచిలుక:
పిల్లల పత్రికకు జూబిన్ మెహతా మీద రెండు పేజీలు రాస్తున్నాను. 1936లో బొంబాయిలో పుట్టిన పార్సీ. 1954లో వియన్నా వెళ్లి స్వరోవ్‌స్కీ దగ్గర చదువుకున్నారు. 1962లో, ఇరవయ్యారేళ్లకే, లాస్ ఏంజెలిస్ ఫిల్‌హార్మొనిక్ అనే వాద్యబృందం పగ్గాలు పట్టారు. ఇంతవరకు బాగానే ఉంది. చేతిలో పుల్లతో వాద్యబృందాన్ని నడిపించే ఆయన పనికే తెలుగు మాట దొరకడం లేదు. 'కండక్టరు' అనగానే మా ఇంట్లో టిక్కెట్ల హాస్యం నడిచింది, ఇక్కడ మళ్లీ వద్దు. 'సంగీత దర్శకుడు' అంటే మనకు బాణీలు కట్టేవాడే. రాత్రి త్యాగయ్యగారి పల్లవి సగం గుర్తొచ్చింది: 'మృదంగ తాళము జతగూర్చి నిను చొక్కజేయు ధీరుడెవ్వడో'. (చొక్కజేయు అంటే పరవశింపజేసే.) 'జతగూర్పరి' అంటే ఎలా ఉంటుంది?

వీణతీగ:
చొక్క కాదండీ, సొక్క. శ్రీరంజని రాగంలో 'సొగసుగా' అని ఎత్తుకున్నాక మళ్లీ 'సొ' పడితేనే అందం. జతగూర్పరి సంగతి తర్వాత చూద్దాం.

పాత నిఘంటువు:
రెండు రూపాలూ ఉన్నాయి. చొక్కుపొడి అన్నా సొక్కుపొడి అన్నా దొంగలు చల్లే మత్తుమందే. యతిని సాక్ష్యానికి పిలవకండి. చకార సకారాలకు యతి చెల్లుతుంది కనుక అది ఏ పక్షమూ పట్టదు. ప్రాస అసలే పట్టదు. అక్కడ పనంతా పల్లవి మొదటి 'సొగసు', అనుపల్లవి మొదటి 'నిగమ'ల గకారానిది.

వీణతీగ:
రాముడి మీద సొక్కుపొడి చల్లించారన్నమాట! నిఘంటువు గారూ, చెవి కూడా ఒక ప్రమాణమేనండీ.

మూడో వరస కుర్చీ:
మ్యూనిక్‌లో ఉంటాను. 1998 నుంచి 2006 దాకా ఇక్కడి బవేరియా స్టేట్ ఒపేరా మెహతాగారి చేతిలోనే ఉండేది. ఒక్కసారి దగ్గరగా చూశాను. పుల్ల పైకి లేస్తుంది. ఇంకా చడీచప్పుడూ లేదు. వయొలిన్ల వాళ్లు కమాను తీగకు ఆనించి ఊపిరి పీల్చుకుంటారు. పుల్ల లేచిన వేగాన్ని బట్టే, అది దిగేలోపు, అందరికీ కాలప్రమాణం అందిపోతుంది. ఆ తర్వాత నాలుగు దెబ్బల తాళమైతే కిందికి, లోపలికి, బయటికి, పైకి. ఇంతా చేసి ఆయన చేతిలో ఒక్క స్వరం పలకదు. మనం 'ఎత్తుగడ' అనేది ఇదే కదా? జతగూర్పరికి నా ఓటు. 'నిర్వాహకుడు' అంటే పెళ్లి భోజనాలు చూసుకునేవారు కూడా వస్తారు.

తాళపత్రం:
ఎత్తుగడ అంటే పాట మొదలయ్యే చోటు, చెయ్యి లేపడం కాదు. పైగా ఇప్పుడు ఎత్తుగడలు వేసేది రాజకీయ నాయకులు. అసలు పుల్లే అంతా చెబుతుందని ఎవరన్నారు? మూడు దెబ్బల నాట్యసంగీతం వియన్నా వాల్ట్జ్‌లో రెండో దెబ్బ కాస్త ముందే పడుతుంది. మెహతా అక్కడి నూతన సంవత్సర కచేరీని 1990 మొదలు 2015 వరకు ఐదుసార్లు నడిపారు. ఆ తొందర ఆయన చూపించేది కాదు, వాద్యకారుల చేతుల్లోనే ఉంది. దాన్ని అనాగతం అనవచ్చా?

మూడో వరస కుర్చీ:
పాట తాళం దెబ్బకు ముందు మొదలైతే ఒకటి, తర్వాత మొదలైతే ఇంకొకటి. అందులో అతీతమేదో అనాగతమేదో ఒకరు చెప్పింది ఇంకొకరు తిరగేస్తారు. ఆ పుట్టలో చెయ్యి పెట్టకండి మాస్టారూ.

పాత నిఘంటువు:
మనవాళ్లలో ఈ పని చేసినవారు లేరా? ఢిల్లీలో 1952లో మొదలైన ఆకాశవాణి వాద్యవృందను రవిశంకర్ నడిపారు. (ఆయన రెండో సితార్ కంచెర్టోను, అంటే వాద్యబృందంతో కలిసి సితారు వాయించే రచనను, 1981లో న్యూయార్కులో నడిపించింది మెహతాయే.) తర్వాత మన ద్రాక్షారామం నుంచి వెళ్లిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి. రేడియోలో ఆయన్ను ఏమని పిలిచేవారు? విన్నవారు చెప్పాలి.

వీణతీగ:
ఏమని అంటే ఈమని అనే! ద్రాక్షారామం అన్నారు కనుక అంటున్నాను, చరణంలో 'ద్రాక్షారస' చూడండి. కొబ్బరికాయ కొట్టుకు తినే పాకం కాదు త్యాగయ్యది, నోట్లో పడితే కరిగేది. కృతికి ఉండాల్సిన గుణాలన్నీ వరుసపెట్టి, అవన్నీ ఆ కృతిలోనే చేసి చూపిస్తూ, చివర 'త్యాగరాజుని తరమా' అంటాడు. ఎంత గడుసుదనం!

తాళపత్రం:
ఆ చరణం ఎత్తుగడే 'యతి విశ్రమ'. (ఎత్తుగడ అంటే ఇదీ.) అది పద్యంలో యతా, లయలో యతా? గోపుచ్ఛం (ఆవుతోకలా సన్నబడేది), స్రోతోవహం (ఏరులా వెడల్పయ్యేది) లాంటి లయ యతులు అనుకుంటే మెహతాగారికి సరిగ్గా సరిపోతుంది.

పాత నిఘంటువు:
పక్కనే 'నవరసయుత కృతి' ఉండగా లయ దాకా ఎందుకు పరుగు? పద్యపు యతే.

రామచిలుక:
అందరికీ ధన్యవాదాలు. 'జతగూర్పరి' అనే రాసి పంపాను. పిల్లలు పెళ్లిళ్ల పేరయ్య అనుకుంటారని సంపాదకులు కొట్టేసి 'కండక్టరు' పెట్టారు. పేజీలు అచ్చుకు వెళ్లిపోయాయి.

పాత నిఘంటువు:
'జతగూర్పరి'లో 'కూర్చు' కకారం గకారం ఎలా అయిందో ఒక్కరూ అడగలేదు. 'జత' అక్కడ ప్రథమా, ద్వితీయా?

వీణతీగ:
ముందు ఆ చొక్కా సంగతి తేల్చండి.