‘కెప్టెన్’ని ‘దళపతి’ అనవచ్చా?

ప్రశ్న: ఒక యుద్ధ కథ అనువదిస్తున్నాను. ఓడ మీది కెప్టెన్‌కీ, ఒడ్డున ఉన్న ఆర్మీ కెప్టెన్‌కీ ‘దళపతి’ అనే రాశాను. ఒకచోట ఆర్మీ ఆయన ముందుగా సెల్యూట్ కొట్టి, నిలబడే మాట్లాడతాడు. ఇద్దరిదీ ఒకే హోదా అయితే అంత వినయం దేనికి?

జవాబు: పేరొక్కటే గానీ హోదా ఒకటి కాదండీ. లాటిన్‌లో తలని ‘కాపుట్’ అంటారు, కెప్టెన్ అందులోంచి వచ్చిందే. ఏ గుంపుకి పెద్ద అన్నదే తేడా. ఆర్మీలో అది వంద, నూట యాభై మంది ఉండే కంపెనీ. నేవీలో ఏకంగా యుద్ధనౌక. ఆర్మీ కెప్టెన్ పైన మేజర్, ఆ పైన లెఫ్టినెంట్ కల్నల్, ఆ పైన కల్నల్. నేవీ కెప్టెన్ ఈ కల్నల్‌కి సమానం. ఆర్మీ కెప్టెన్‌కి అక్కడ సరిజోడు లెఫ్టినెంట్. అదే లెఫ్టినెంట్ ఆర్మీలో కెప్టెన్ కింద పనిచేస్తాడు!

పేరు చూసి మోసపోకుండా యూనిఫాం చూడండి. బ్రిటిష్ నేవీలో కెప్టెన్ చేతి అంచు మీద నాలుగు బంగారు పట్టీలుంటాయి, లెఫ్టినెంట్‌కి రెండే. (విమానం నడిపే కెప్టెన్‌కీ నాలుగు పట్టీలే. అది ఉద్యోగం, సైనిక హోదా కాదు.)

ఎయిర్‌ఫోర్స్‌తో తలనొప్పి ఇంకాస్త ఎక్కువ. బ్రిటన్ వైమానిక దళం 1918లో ఏర్పడినప్పుడు ఆర్మీ పేర్లే వాడుకుంది, 1919లో సొంత పేర్లు పెట్టుకుంది. అక్కడ కల్నల్‌కి సమానం గ్రూప్ కెప్టెన్, ఆర్మీ కెప్టెన్‌కి సమానం ఫ్లైట్ లెఫ్టినెంట్. అమెరికా మాత్రం 1947లో ఎయిర్‌ఫోర్స్‌ని విడదీసినా ఆర్మీ పేర్లే ఉంచేసింది. అక్కడి ఎయిర్‌ఫోర్స్ కెప్టెన్ అచ్చంగా ఆర్మీ కెప్టెన్ లాంటివాడే. ఈ గందరగోళం పడలేకే నాటో దేశాలు హోదాలకి అంకెలతో కోడ్‌లు పెట్టుకున్నాయి. ఆర్మీ కెప్టెన్‌ది 2, నేవీ కెప్టెన్‌ది 5.

అందుకని హోదాల పేర్లని తెలుగు చేయకండి. ‘నేవీ కెప్టెన్’, ‘ఆర్మీ కెప్టెన్’ అని దళం పేరు కలిపి రాస్తే చాలు. దళపతి, సేనాని, దండనాయకుడు చెవికి బాగానే ఉంటాయి గానీ, వాటిలో ఎవరు ఎవరి కిందో ఏ పాఠకుడూ చెప్పలేడు.

ప్రశ్న: మరి ఇంకో చిన్న ఓడలో, నేవీలో కెప్టెన్ కన్నా తక్కువ హోదా అయిన లెఫ్టినెంట్ కమాండర్‌ని కూడా సిబ్బంది ‘కెప్టెన్’ అనే పిలుస్తున్నారు. రచయిత పొరపాటా?

జవాబు: కాదు. ఓడ ఎవరి చేతిలో ఉంటే, ఏ హోదా వాడైనా సరే, ఆ ఓడ వరకు ఆయనే కెప్టెన్. అక్కడ అది పదవి. కాబట్టి కథనంలో ‘నౌకాధిపతి’ అని నిక్షేపంగా రాసుకోండి. సంభాషణల్లో మాత్రం ‘కెప్టెన్’ అనే ఉంచండి, తుఫాన్లో ‘నౌకాధిపతీ!’ అని ఎవరూ అరవరు.