మొదటి రూపాయి ఫుట్‌పాత్‌కా, డ్రిల్ పీరియడ్‌కా?

గట్టుదారి:
2030 నాటికి శారీరక శ్రమ చాలనివాళ్ల శాతాన్ని 15 శాతం తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టింది. మన దగ్గర జనాన్ని కదిలించడానికి కేంద్రం పెట్టిన ప్రచారం, ఫిట్ ఇండియా, 2019 ఆగస్టు 29న మొదలైంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా చూడండి. 2022లో మన దేశపు పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత కదలిక లేదు. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42. 2000లో మొత్తం మీద 22 శాతమే.

ఒక జిల్లా చేతిలో కొద్దిపాటి డబ్బే ఉందనుకోండి. పరుగులు, ప్రతిజ్ఞలు, టీషర్టులు పక్కన పెడదాం. ముందు దేనికి ఖర్చు పెట్టాలి? నా మాట ఫుట్‌పాత్. పొద్దున్నే లేచి నడవమంటే జనం పది రోజులు నడిచి మానేస్తారు. బస్టాపు దాకా, కూరగాయల బజారు దాకా భయం లేకుండా నడిచే దారి ఉంటే, ఆ నడక ఎవరూ చెప్పకుండానే ఏడాది పొడుగునా సాగుతుంది.

చాక్‌పీసు:
ఫుట్‌పాత్ వద్దనను. కానీ ముందు బడి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల కదలిక కావాలి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు చదివితే 6 నుంచి 8 తరగతుల్లో వంద మంది దాటినప్పుడే వ్యాయామానికి పార్ట్‌టైమ్ బోధకుడు. 1 నుంచి 5 దాకా ఆ ఊసే లేదు. పరుగు, గెంతు, విసరడం, పట్టడం ఒంటికి అలవాటయ్యే వయసు సరిగ్గా అదే. పదోతరగతిలోనైతే సంక్రాంతి దాటాక డ్రిల్ పీరియడ్ లెక్కల సారుకి పోతుంది. టైంటేబుల్లో ఉంటుంది, గ్రౌండులో ఉండదు. ఒక పీఈటీని, అంటే వ్యాయామ ఉపాధ్యాయుణ్ని, నియమిస్తే వందల మంది పిల్లలకు అందుతుంది. అదే డబ్బుతో ఎంత దూరం ఫుట్‌పాత్ వస్తుందో మీరే లెక్కేయండి.

గట్టుదారి:
పీరియడ్ ఉన్న చోటైనా పిల్లలు ఎంతసేపు కదులుతున్నారు? 40 మందికి ఒక్క బంతి. హాజరుకీ, వరుసలు కట్టడానికీ పది నిమిషాలు. ఖోఖో ఆడిస్తే తరిమే జట్టులో ఎనిమిది మంది కూర్చునే ఉంటారు, పరిగెత్తేది ఒక్కరు. గొప్ప ఆటే, కానీ నిమిషాల లెక్కలో చూస్తే ఎక్కువ మంది కూర్చున్నట్టే.

చాక్‌పీసు:
మీరు పట్టుకున్న తప్పు నిజమే. అయితే దాన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చు లేదు. 45 నిమిషాల పీరియడ్, 40 మంది పిల్లలు. ఎనిమిది మంది చొప్పున ఐదు గుంపులు చేయండి. గ్రౌండులో సున్నంతో ఐదు చోట్లు గీయండి: తాడాట, బంతి విసిరి పట్టడం, 10 మీటర్ల షటిల్ పరుగు, తొక్కుడు బిళ్ల గళ్లలో ఒంటికాలి గెంతు, ఒంటికాలి మీద నిలబడటం. ఒక్కో చోట 6 నిమిషాలు, మారడానికి 1 నిమిషం. మొత్తం 34. ముందు 5 నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం, చివర 3 నిమిషాలు చల్లబరచడం. కావాల్సింది 8 తాళ్లు, 4 బంతులు, 10 కోన్లు, ఒక విజిల్. కోన్లు లేకపోతే ఇసుక నింపిన సీసాలు చాలు. హాజరు క్లాసులోనే తీసుకోవాలి.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. తాళ్లు, బంతులు ఏడాదికోసారి కొని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పాడైతే ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలనే భయం. అందుకే వాటిని సుద్దముక్కల్లా వాడితే అరిగిపోయే సామాన్ల పద్దులో రాయాలి. రెండోది, డ్రిల్ పీరియడ్ చివరి గంటలో వేస్తే ఒంటిపూట బడులు మొదలవగానే అదే ముందు ఎగిరిపోతుంది. మార్చి నుంచి దాన్ని మొదటి పీరియడ్ చేయాలి. మూడోది, పెద్దతరగతి ఆడపిల్లలకు నీళ్లున్న మరుగుదొడ్డి లేకపోతే వాళ్లు గట్టు మీదే కూర్చుంటారు.

బీపీ_కార్డు:
ఇద్దరూ ఒక విషయం వదిలేస్తున్నారు. ఫలితాన్ని దేనితో కొలుస్తారు? బీపీ, షుగర్ లాంటి రోగాల ముప్పు ఎవరికి ఎక్కువో మార్కులేసి చూడటానికి ఆశా కార్యకర్తలు 30 దాటినవాళ్లకు నింపే సీబ్యాక్ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: వారానికి కనీసం 150 నిమిషాల శారీరక శ్రమ చేస్తారా అని. చేయకపోతే 1 మార్కు. మొత్తం 4 దాటితే ముందుగా స్క్రీనింగ్‌కి పంపాలి. అది రోగం ముప్పు వడపోతకు పనికొస్తుంది, జిల్లాలో కదలిక పెరిగిందో లేదో చెప్పడానికి కాదు. పైగా ఆ ప్రశ్న వినగానే "ఇంటెడు చాకిరీ చేస్తాం కదమ్మా" అంటుంది ఇల్లాలు. ఆమె ఎత్తే బిందెలు, వంగి చేసే కలుపు లెక్కలోకి రావాలి. కూర్చుని కూరలు తరగడం రాకూడదు. ఈ తేడా ఫారంలో లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జీప్యాక్ ప్రశ్నావళిలో 16 ప్రశ్నలుంటాయి. పనిలో, రాకపోకల్లో, తీరిక వేళలో చేసే శ్రమను విడివిడిగా అడుగుతుంది, కూర్చునే సమయం వేరే. మెట్ అంటే ఊరికే కూర్చున్నప్పటి శక్తి ఖర్చుకు ఎన్ని రెట్లో చెప్పే కొలత. మామూలు శ్రమకు 4 మెట్ చొప్పున వారానికి 150 నిమిషాలైతే 600 మెట్-నిమిషాలు. అదే కనీస గీత. జిల్లాలో కొన్ని వార్డులు, ఊళ్లు ఎంచుకుని పని మొదలుకాకముందు ఒకసారి, రెండేళ్ల తర్వాత అదే నెలలో ఇంకోసారి అడగండి. నెల మారితే పనికిరాదు. నాట్ల రోజుల్లో అడిగిన ఊరినీ మే నెలలో అడిగిన ఊరినీ పోల్చలేం.

ఇంకోటి, 15 శాతం తగ్గింపు అంటే 50 ఉన్నది 35 కావడం కాదు, 42.5 కావడం. సమీక్షా సమావేశాల్లో ఈ లెక్క తప్పితే సాధ్యం కాని లక్ష్యం రాసుకుంటారు, తర్వాత దొంగ అంకెలు వస్తాయి.

అరుగు:
ఆడవాళ్ల 57 శాతాన్ని ఫుట్‌పాత్ ఒక్కటే తగ్గించదు. చీకటి పడ్డాక దీపం లేని దారి ఎంత వెడల్పున్నా ఖాళీగానే ఉంటుంది. పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు పెట్టారు, వాటి బేరింగులకు గ్రీజు పెట్టే పద్దు లేదు. ఎండలో ఇనప కడ్డీ మధ్యాహ్నం ముట్టుకోలేం. దారి కట్టేవాళ్లు దీపం, నీడ, మరమ్మతు మూడూ ఒకే అంచనాలో రాయాలి.

గట్టుదారి:
ఒప్పుకుంటాను. ఫుట్‌పాత్‌లో మనం చేసే తప్పు నేనూ చెప్పాలి. నడకదారులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిన 103వ నంబరు మార్గదర్శకాల ప్రకారం ఇళ్ల వీధుల్లో అడ్డు లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మనవాళ్లు మురుగుకాలువ మీద స్లాబులు వేసి దాన్నే ఫుట్‌పాత్ అంటారు, మోకాలెత్తున. ప్రతి గేటు దగ్గరా కోసి కిందికి దింపుతారు. వంద అడుగుల్లో నాలుగుసార్లు ఎక్కి దిగాలంటే మోకాళ్ల నొప్పులున్న మనిషి రోడ్డు మీదే నడుస్తుంది. గేటు దగ్గర దారి మట్టం మారకూడదు, బండే చిన్న ర్యాంపు ఎక్కి దాటాలి. పూడిక తీయడానికి స్లాబు లేపితే అదే రోజు మూసే బాధ్యత కాంట్రాక్టులో ఉండాలి. స్తంభాలు జరిపే డబ్బు విద్యుత్ పంపిణీ సంస్థకు ముందే కట్టకపోతే 1.8 మీటర్ల నడుమ ట్రాన్స్‌ఫార్మర్ మిగిలిపోతుంది.

కాబట్టి నా వాదన కొంచెం మార్చుకుంటున్నాను. ఊరంతా ఫుట్‌పాత్ కాదు, ముందు బడి గేటు చుట్టూ 500 మీటర్లు. ఆ దారిలో పొద్దున పిల్లలు, సాయంత్రం వాళ్ల అమ్మలు నడుస్తారు.

చాక్‌పీసు:
500 మీటర్లకు నాకూ అభ్యంతరం లేదు. కానీ దారి ఒకసారి కడితే ఉంటుంది, పీఈటీ జీతం ప్రతి నెలా కావాలి. ఒక్క ఏడాది గ్రాంటుతో నియమిస్తే మరుసటి జూన్‌లో గ్రౌండు మళ్లీ ఖాళీ. ముందు జీతానికి శాశ్వత పద్దు దొరకనివ్వండి, తర్వాత సిమెంటు పోద్దాం.