సమస్య: "గర్వ మున్నవాఁడె ఘనుఁడు భువిని"

లాకులగట్టు (నిర్వహణ): ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రలవి), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. ఇచ్చిన పాదంలో గ–ఘ యతి. ప్రాస పట్టింపు లేదు. చిక్కంతా అర్థంలోనే: పొగరును పొగడకుండా పాదాన్ని నిలబెట్టాలి.

లంకపొలం:
చేయి చాపకుండఁ జెమటోడ్చి పనిఁ జేసి
పరుల సొమ్ముకొఱకు నాశపడక
తనదు కష్టఫలమె ధనమని నమ్మెడి
గర్వ మున్నవాఁడె ఘనుఁడు భువిని

లాకులగట్టు: భావం బాగుందండి. రెండో పాదంలో యతి తప్పింది. నాలుగో గణం "నాశ", ప–నా కుదరవు. "పరుల సొమ్ముకొఱకుఁ బరువు లిడక" అనండి. ప–బ యతి సరిపోతుంది. పరువంటే పరుగూ, మర్యాదా కాబట్టి రెండో అర్థం ఊరికే వచ్చి చేరుతుంది.

కాలువనీరు: ఇక్కడుండాల్సింది "మానం" కదండీ? గర్వమంటే చెడ్డమాటే.

లాకులగట్టు: అంత తేలిగ్గా తేల్చలేమండి. అమరకోశం గర్వం, అభిమానం, అహంకారం, మానం ఒక్క పంక్తిలో కూర్చి, చివర "చిత్తసమున్నతి" అంది. మనసు ఎత్తుగా ఉండటం! అలంకారశాస్త్రంలోనూ 33 సంచారీభావాల్లో (వచ్చి పోయే భావాల్లో) గర్వం ఒకటి. అక్కడ అది దోషం కాదు, రసానికి సాయం. అభిమానమైతే తెలుగులో ఏకంగా ప్రేమైపోయింది. ఇంగ్లీషు "ప్రౌడ్"దీ ఇదే తంతు: పాత ఫ్రెంచిలో శూరుడని అర్థం. (మన ప్రౌఢకూ దానికీ చుట్టరికం లేదు, మోసపోకండి.) టెక్కు, పొగరు, మిడిసిపాటు మాత్రం ఎటు తిప్పినా మంచివి కావు. సమస్యలో అవి పడుంటే ఈ పూరణ నిలిచేది కాదు.

పూతరేకు:
నేర్చినట్టి చదువు నీఱుగాఁ జేసెడి
దేది? జనులు మొక్కు దేవుఁ డెవఁడు?
వరుస బదులు గనఁగ వాక్య మొక్కటె చాలు
గర్వ మున్నవాఁడె ఘనుఁడు భువిని

లాకులగట్టు: ఆయ్, ఇదీ విరుపంటే! క్రమాలంకారం. గర్వము + ఉన్నవాఁడె: మొదటి ప్రశ్నకు "గర్వము", రెండోదానికి "ఉన్నవాఁడె", అంటే డబ్బున్నవాడే. ఉత్వసంధి విడదీస్తే చాలు. శకటరేఫ (ఱ) వదలకండి; "నీరు" రాస్తే చదువు బూడిదవడం మాని కాలవలో కలుస్తుంది.

వరిమడి:
గింజలున్న వెన్ను క్రిందికి వంగును
తాలు వెన్ను నిక్కి తలను జూపి
పైరునందు నిలిచి పలుకు నీ రీతిగా
గర్వ మున్నవాఁడె ఘనుఁడు భువిని

లాకులగట్టు: పాదాన్ని తాలుచేత (గింజ పట్టని వెన్ను, అంటే కంకిచేత) పలికించేశారు, దోషం దానిమీదే పడింది. "నిక్కు" ఎంపిక బలం: పైకి లేవడమూ అదే, గర్వమూ అదే. పలకమీద సమంగా దిగని మేకును ఇంగ్లీషు వడ్రంగులు "ప్రౌడ్" అనేదీ ఈ దారిలోనే.

లంకపొలం: ఒక్క మాటండి. సగం తాలున్న వెన్ను కాస్తో కూస్తో వంగుతుంది. నిట్టనిలువుగా నిలిచేది కాండం తొలిచే పురుగు కొట్టిన తెల్లకంకి. పట్టి లాగితే ఊడి చేతికొస్తుంది. "తెల్లకంకి నిక్కి" అంటే చేలో ఉన్నది ఉన్నట్టుంటుంది.

లాకులగట్టు: చేలో నిజమే, పద్యంలో కుదరదు. నాలుగో గణం "తలను". తె–త యతి చెల్లదు. "తాలు కంకి" అంటే తా–త నిలుస్తుంది, వెన్ను రెండుసార్లు రావడమూ తప్పుతుంది.

వరిమడి: మార్చానండి. తెల్లకంకికి సరిపడే యతి దొరికితే మళ్ళీ పెడతాను.