టీచరమ్మ కాన్పుకు వెళ్తే బడి ఎవరు నడపాలి? చట్టం కావాలా, సర్దుబాటు చాలా?

నర్సంపేట టీచర్:
మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక సీనియర్ సార్ "ఆడవాళ్లకు ఆరు నెలల సెలవు ఇవ్వబట్టే చిన్న బడులు ఖాళీ అవుతున్నాయి" అన్నారు. చాలామంది తలూపారు. నాకు కడుపు మండింది. 180 రోజుల ప్రసూతి సెలవు మనకు 2010 నుంచీ ఉంది. సెలవు జీవోలో ఉంది కానీ, ఆ ఆరు నెలలు బడికి ఎవరు రావాలన్నది మాత్రం అదృష్టానికి వదిలేశారు.

నా సంగతే చెప్తాను. మాది ఏకోపాధ్యాయ పాఠశాల, 34 మంది పిల్లలు. నాలుగో నెలలోనే సెలవు కావాలని రాసిచ్చాను. సర్దుబాటు ఆర్డర్ నా సెలవు మొదలయ్యే ముందు రోజు సాయంత్రం వచ్చింది. పక్క ఊరి సారు వారానికి మూడు రోజులు రావాలి, అంతే. కాన్పయిన పదకొండో రోజు వంట చేసే అక్క ఫోన్ చేసింది: "మేడం, ఇయ్యాల సారు రాలే. పిల్లలు గేటు కాడ నిలబడ్డరు. గుడ్లు ఉడకబెట్టిన, పెట్టాల్నా?" అప్పుడు బిడ్డ నా ఒళ్లో పాలు తాగుతోంది. పెట్టమన్నాను, ఇంకేం అనాలి? నేను తిరిగి వెళ్లేసరికి 27 మందే మిగిలారు. ఏడుగురు ప్రైవేట్ వ్యాన్ ఎక్కారు.

బదులు టీచర్‌ను పంపడం తప్పనిసరి చేస్తూ రాష్ట్రం చట్టం తేవాలని నా వాదన.

పరకాల మాస్టారు:
చెల్లెమ్మా, నీ బాధ నిజమే. కానీ బదులు టీచర్ అంటే మళ్లీ తాత్కాలికంగా పెట్టే విద్యా వాలంటీరే కదా? నెలకు 12 వేలకు పనిచేశారు వాళ్లు. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాక రెన్యువల్ లేక రోడ్డున పడ్డారు. నీ సెలవు కోసం ఇంకో ఆడపిల్లను ఆరు నెలల కూలీగా పెడదామా? డీఎస్సీతో, అంటే టీచర్ల నియామక పరీక్షతో, ఖాళీలు నింపితే చాలు. మిగతాది మండల విద్యాధికారి (ఎంఈఓ) చూసుకుంటారు.

హనుమకొండ ప్రైవేట్ టీచర్:
మీకు సెలవైనా ఉంది సార్. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట 26 వారాల సెలవు ఇవ్వాలని 2017లోనే కేంద్రం చట్టం మార్చింది. మా బడిలో నాకు ఐదో నెల అని తెలియగానే "రెస్ట్ తీసుకో, జూన్‌లో చూద్దాం" అన్నారు. జూన్‌లో నా క్లాసులో వేరే అమ్మాయి ఉంది. చట్టం రాస్తే మమ్మల్నీ కలిపి రాయాలి.

నర్సంపేట టీచర్:
తప్పకుండా కలపాలి అక్కా.

మాస్టారూ, వాలంటీర్ల విషయంలో మీ మాటకు ఒప్పుకుంటాను, ఆ పద్ధతి మళ్లీ వద్దు. కానీ డీఎస్సీతో ఇది తీరదు. 2024లో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, మంచిదే. అయితే సెలవులో ఉన్న టీచర్ పోస్టు ఖాళీ కిందికి రాదు కదా, డీఎస్సీ దాన్నెట్లా నింపుతుంది? మండలానికి ఇద్దరు ముగ్గురు రెగ్యులర్ టీచర్లను సెలవుల కోసమే ఉంచాలని నేనంటున్నది. అదే జీతం, అదే సర్వీస్. ప్రసూతి సెలవుకు, 90 రోజుల చైల్డ్ కేర్ లీవ్‌కు, మగ టీచర్లకున్న 15 దినాల పితృత్వ సెలవుకు వాళ్లే వెళ్తారు. అలాంటి సెలవుల్లో ఎవరూ లేని రోజు జ్వరమొచ్చిన సార్ల బడికీ వెళ్తారు. 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యా హక్కు చట్టమే చెప్తోంది. ఆ రెండో టీచర్ ఉంటే నాకు ఆ ఫోన్ వచ్చేదే కాదు.

ఎంఈఓ చూసుకుంటారన్నారు. ఆయన చేతిలో మనిషి లేకపోతే పక్క బడి నుంచే లాగాలి, అప్పుడు అక్కడి పిల్లలు నష్టపోతారు. యాక్సిడెంట్ చెప్పి రాదు. కానీ కాన్పు తేదీ నెలల ముందే తెలుస్తుంది. అందుకే ఆర్డర్ కనీసం నెల ముందు రావాలని చట్టంలో రాయాలి.

మా పక్క తండా బడిలో ఒక చెల్లెకు ఇప్పుడు ఏడో నెల. దసరా తర్వాత సెలవు పెడుతుంది. నిన్న అడిగితే ఆర్డర్ ఇంకా రాలేదంది. ఈ మండలాల వాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ చెప్పండి, ఎంఈఓ ఆఫీసుకు కలిసి వెళ్దాం.