కొత్తగా తెరిచిన కర్రీ పాయింట్‌ను గూగుల్ మ్యాప్‌లో చేర్చడం ఎలా? మారతహళ్లి నుంచి ఒక సందేహం

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా, బెంగళూరు వచ్చి ఆరేళ్లయింది. గత నెల మారతహళ్లిలో మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల ఒక షట్టర్ అద్దెకు తీసుకుని నేనూ మా ఆవిడా కర్రీ పాయింట్ ప్రారంభించాము. చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన పిల్లలు సాయంత్రం ఆరున్నర దాటగానే వచ్చి పప్పు, వేపుడు, పులుసు కట్టించుకుని వెళుతున్నారు. వచ్చిన ప్రతివారూ "అంకుల్, మ్యాప్‌లో మీ షాపు లేదేమిటి?" అని అడుగుతుంటే చేర్చుదామని కూర్చున్నాను కానీ, మూడు చోట్ల ఆగిపోయాను.

మొదటిది, మా షట్టర్‌లో ఇంతకు ముందున్న మొబైల్ రిపేరు షాపు ఇప్పటికీ మ్యాప్‌లో అలాగే ఉంది. దానికి మంచి రేటింగు, చాలా రివ్యూలు ఉన్నాయి కనుక దాని పేరు మార్చి మన పేరు పెట్టుకుంటే అవన్నీ మనకే కలిసివస్తాయని ఒక మిత్రుడు చెప్పాడు. రెండవది, చిరునామా టైపు చేస్తే పిన్ (చోటును చూపే గుర్తు) వేరే లేఅవుట్‌లోని, అంటే వేరే కాలనీలోని, అదే నంబరు క్రాసులో (అడ్డవీధిలో) పడుతోంది. మూడవది, నిన్న ఒకాయన ఫోను చేసి, గూగుల్ తరఫున మాట్లాడుతున్నానని చెప్పి, ఎనిమిది వేలు కడితే మా షాపును అందరికన్నా పైన చూపిస్తామన్నాడు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బీటీఎం లేఅవుట్‌లో టైలరింగ్ సామాను షాపు నడుపుతున్న సభ్యుడు)

నమస్కారమండీ. మూడవ దానితో మొదలుపెడతాను, ఎందుకంటే అది డబ్బుతో ముడిపడిన విషయం. మ్యాప్‌లో షాపు పెట్టుకోవడం పూర్తిగా ఉచితం. 2014లో గూగుల్ మై బిజినెస్ అన్న పేరుతో వచ్చి, 2021 నవంబరు నుంచి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా పేరు మారిన ఈ సేవలో స్థానాన్ని పైకి జరపడానికి రుసుము అంటూ ఏదీ లేదు. వెతికిన మాటకు మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికినవారికి ఎంత దగ్గరలో ఉంది, ఎంతమందికి తెలుసు అన్న మూడింటిని బట్టే వరుస నిర్ణయమవుతుందని గూగుల్ తానే చెబుతుంది. డబ్బు కట్టి ఇచ్చే ప్రకటనలు వేరే సంగతి, వాటి పక్కన ప్రకటన అని రాసి ఉంటుంది. ఆ ఫోను చేసినాయన మళ్లీ చేసి "మీకొక కోడ్ వస్తుంది, చెప్పండి" అంటే మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చెప్పకండి. ఆ కోడ్ అతనికి అందితే మీ షాపు అతని ఖాతాలోకి పోతుంది.

ఇక పాత షాపు విషయం. మీ మిత్రుడు చెప్పిన పని చేయకండి. స్క్రీన్ గార్డులు బాగా వేశారని జనం రాసిన మెచ్చుకోళ్లు గుత్తి వంకాయ కూర కింద కనబడితే చూసేవారికి నవ్వులాటగా ఉంటుంది, అది అలా ఉంచితే వేరొక వ్యాపారం రివ్యూలను మనవిగా చూపించుకోవడం నియమాలకు విరుద్ధం. ఆ షాపు మూతపడి ఉంటే మ్యాప్‌లో దానిని తెరిచి, సజెస్ట్ యాన్ ఎడిట్‌లో క్లోజ్ ఆర్ రిమూవ్ అన్నచోట శాశ్వతంగా మూసివేశారని తెలియజేయండి. వేరే చోటికి మారి ఉంటే మారిందని చెప్పండి, పాపం వారి రివ్యూలు వారితోనే వెళతాయి. మీరు మాత్రం కొత్తగా, మీ సొంత జీమెయిల్‌తో ప్రారంభించండి. 2022 నుంచి దీనికి విడిగా యాప్ లేదు, మామూలు మ్యాప్స్‌లోనే యాడ్ యువర్ బిజినెస్ అని ఉంటుంది.

పేరు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. బోర్డు మీద ఏముందో మ్యాప్‌లోనూ అదే ఉండాలి. "ఫలానా కర్రీ పాయింట్, బెస్ట్ ఆంధ్రా ఫుడ్ ఇన్ మారతహళ్లి" అని తోక తగిలిస్తే ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజున ప్రొఫైల్ నిలిచిపోయే ప్రమాదం ఉంది. కర్ణాటకలో 2024 సవరణ చట్టం ప్రకారం బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలి కనుక, బోర్డు ఇంకా రాయించకపోతే ముందు ఆ పని పూర్తిచేసి, ఇంగ్లీషు అక్షరాలలో పేరు ఏ స్పెల్లింగుతో ఉందో అదే స్పెల్లింగుతో మ్యాప్‌లోకి ఎక్కించండి. ఆ తోకలో చెప్పాలనుకున్న సంగతులను కేటగిరీలోనూ, వివరణలోనూ చెప్పుకోవచ్చు. ప్రధాన కేటగిరీ ఒకటి, అదనంగా తొమ్మిది పెట్టుకునే వీలుంది. కూర్చుని తినే సౌకర్యం లేదు కనుక మీరు టేకవుట్ రెస్టారెంట్‌ను ప్రధానంగా ఉంచి, ఆంధ్రా రెస్టారెంట్‌ను తరువాత చేర్చడం మేలని నా అభిప్రాయం. లేకపోతే నలుగురు కుటుంబంతో వచ్చి కుర్చీల కోసం వెతుక్కుని, వెళ్లేటప్పుడు ఒక్క నక్షత్రం ఇచ్చి పోతారు. వివరణకు 750 అక్షరాల వరకు చోటు ఉంటుంది. అన్నం అమ్ముతారా లేదా, శాకాహారం విడిగా వండుతారా, ఇంటి నుంచి గిన్నె తెచ్చుకోవచ్చా అన్నవి రాయండి. పీజీ పిల్లలకు కావలసినవి అవే.

చిరునామా బాధ బెంగళూరు వారందరిదీ. ఈ ఊళ్లో ప్రతి లేఅవుట్‌కూ ఒక మొదటి క్రాసు, ఒక రెండవ మెయిన్ రోడ్డు ఉంటాయి, మా బీటీఎంలో అయితే స్టేజీలు కూడా కలిసి ఆటోవాళ్లనే తికమక పెడతాయి. అందువల్ల క్రాసు, మెయిన్ రాసిన వెంటనే లేఅవుట్ పేరు తప్పక రాసి, పిన్ కోడ్ 560037 సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. అప్పటికీ గుర్తు వేరేచోట పడితే చిరునామాను పదేపదే తిరగరాయకుండా, శాటిలైట్ చిత్రం పెట్టుకుని మీ కప్పు ఏదో గుర్తుపట్టి, గుర్తును వేలితో జరిపి అక్కడ పెట్టండి. "ఫలానా ఆసుపత్రి ఎదురుగా" వంటివి చిరునామా వరుసల్లో కాకుండా వివరణలో రాసుకుంటే బాగుంటుంది.

అదనపు ప్రశ్న (రామమూర్తినగర్ నుంచి ఒక సభ్యురాలు)

అన్నయ్యగారూ, మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను ఇంట్లోనే పచ్చళ్లు, కారప్పొడులు చేసి అమ్ముతున్నాను. కొందరికి మావారు స్కూటరు మీద తీసుకువెళ్లి ఇస్తారు, మరికొందరికి కొరియరులో పంపుతాము. ఇంటి చిరునామా అందరికీ కనిపించడం నాకు ఇష్టం లేదు. మాలాంటివారికి మ్యాప్‌లో చోటు ఉందా?

జవాబు (వైట్‌ఫీల్డ్‌లో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసే సభ్యురాలు)

అమ్మా, మీకు చోటు ఉంది, కానీ అది మీ స్కూటరు వల్లనే ఉంది. కొనేవారిని ఎక్కడా నేరుగా కలవకుండా కేవలం కొరియరుతోనే నడిచే వ్యాపారానికి మ్యాప్‌లో ప్రొఫైల్ ఇవ్వరు. మీవారు వెళ్లి చేతికి అందిస్తున్నారు కనుక మీది సర్వీస్ ఏరియా బిజినెస్ కిందికి వస్తుంది. ప్రారంభంలో "కస్టమర్లు మీ చోటికి వస్తారా?" అని అడిగినప్పుడు రారు అని చెప్పి, చిరునామా కనబడకుండా పెట్టుకోండి. దాని బదులు మీరు వెళ్లగలిగే ప్రాంతాలను పేర్లతో గానీ పిన్ కోడ్‌లతో గానీ ఇవ్వాలి, అలా 20 వరకు ఇవ్వవచ్చు. ఇన్ని కిలోమీటర్లు అని వృత్తం గీసే వీలు లేదు. మీ చోటి నుంచి బండి మీద సుమారు రెండు గంటల దూరం దాటకూడదన్నది నియమం. మన సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో రెండు గంటలంటే ఎంత దూరమో మీకు నేను చెప్పనక్కరలేదు. రామమూర్తినగర్, కె.ఆర్.పురం, కస్తూరినగర్ వంటి నాలుగైదు ప్రాంతాలతో ప్రారంభించండి, ఇరవై గడులూ నింపాలని ఏమీ లేదు.

ఇద్దరికీ కలిపి ఒక మాట. షాపు చట్టం కింద రిజిస్ట్రేషను ఉంటే అది, ఆహార లైసెన్సులిచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల నంబరు ఉన్న కాగితం, అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు ఫోనులో ఫొటోలుగా సిద్ధంగా ఉంచుకోండి. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున ఉంటుంది కనుక అదొక్కటే చాలదు, వ్యాపారం పేరూ చిరునామా రెండూ ఉన్న కాగితం ఏదో ఒకటి కావాలి. ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఒకవేళ ప్రొఫైల్ నిలిపివేసి మీరు అప్పీలు చేయవలసి వస్తే, ఆధారాలు జతచేసే పేజీ తెరిచిన తరువాత 60 నిమిషాలే సమయం ఇస్తారు. ఆ గంటలో యజమానికి ఫోను చేసి కాగితాలు అడిగేవారిని నేను చూశాను.

మరొక సభ్యుడు (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

ప్రొఫైల్‌ను సొంత జీమెయిల్‌తోనే చేయమని పైన చెప్పిన మాటను దయచేసి తేలికగా తీసుకోకండి. నా సెలూన్ తెరిచినప్పుడు, బోర్డు రాసిన ఫ్లెక్సీ షాపాయన "మ్యాప్ కూడా పెట్టేస్తాను సార్" అంటే మంచిదే కదా అని ఊరుకున్నాను. ఆయన తన జీమెయిల్‌తో పెట్టాడు. ఏడాది తరువాత నా ఫోను నంబరు మారింది, మార్చమంటే ఆయన ఫోను ఎత్తలేదు. చివరకు మ్యాప్‌లో ఓనర్‌షిప్ కోసం అభ్యర్థన పెట్టి, ఆయనకు ఇచ్చిన మూడు రోజుల గడువు దాటాక, మళ్లీ నేను యజమానినని నిరూపించుకుని తీసుకున్నాను. అప్పటిదాకా వచ్చిన ఫోన్లన్నీ పాత నంబరుకే పోయాయి. ఎవరి సాయమైనా కావాలనుకుంటే వారిని మేనేజరుగా చేర్చండి, ఓనరుగా మీరే ఉండండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు, వారం తరువాత

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే కొత్తగా చేర్చాను. షాపు నాదేనని చూపే ధ్రువీకరణకు నేను పోస్టు కార్డు వస్తుందనుకున్నాను కానీ, గూగుల్ వీడియో తీసి పంపమని అడిగింది. వేరే పద్ధతి ఎంచుకునే వీలు కనిపించలేదు. లోపల గిన్నెలు, స్టవ్వు, మా ఆవిడ తాలింపు వేయడం అన్నీ చక్కగా తీసి పంపితే రెండు రోజులకు తిరస్కరించారు. కారణం వివరంగా రాయలేదు. ఎక్కడ పొరపాటు జరిగి ఉంటుంది?

జవాబు (బీటీఎం లేఅవుట్ సభ్యుడు)

మీరు వంట చూపించారు, షాపు చూపించలేదు. ఏ పద్ధతిలో ధ్రువీకరించాలన్నది గూగుల్ నిర్ణయమే, మనం మార్చలేము. ఆ వీడియో చూసేవారికి తేలవలసినవి మూడు: ఈ చోటు మ్యాప్‌లో చెప్పిన చోటేనా, ఇక్కడ ఆ వ్యాపారమే నడుస్తోందా, తీస్తున్న మనిషికి దాని మీద అధికారం ఉందా. అందుకని సందు మొదట్లో క్రాసు పేరు రాసిన పలక దగ్గర నిలబడి వీడియో మొదలుపెట్టండి. ఆపకుండా నడుచుకుంటూ వచ్చి పక్క షాపును, తరువాత మీ బోర్డును నింపాదిగా చూపించండి. షట్టర్ మూసే ఉంచండి, మీ చేత్తో తాళం తీసి పైకెత్తండి, అధికారానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. లోపల కౌంటరు, తూకం, గోడకు తగిలించిన లైసెన్సు కాగితం చూపిస్తే సరిపోతుంది. కనీసం 30 సెకన్లు ఉండాలి, ఎక్కడా కత్తిరించి అతికించకూడదు, ఇతరుల ముఖాలూ బ్యాంకు వివరాలూ పడకూడదు. ఈ వీడియో బయట ఎవరికీ కనిపించదు కనుక అందంగా రాలేదని దిగులు పడనక్కరలేదు. చూడటానికి అయిదు పనిదినాల దాకా పట్టవచ్చు. ఆ లోగా పేరు, చిరునామా ముట్టుకోకండి, మారిస్తే మళ్లీ ధ్రువీకరణ అడగవచ్చు.

ప్రశ్న అడిగిన సభ్యుడు, మరో ఆరు రోజుల తరువాత

మూడవ రోజున ఆమోదం వచ్చిందండీ. పొద్దున్నే జనం లేనప్పుడు తీశాను, తాళం తీసేటప్పుడు ఫోను ఎడమ చేతిలో ఉండి కాస్త వణికినా ఒప్పుకున్నారు. అయితే నిన్న మ్యాప్ చూసుకుంటూ వచ్చిన ఒక అబ్బాయి మా భవనం వెనక సందులో నిలబడి ఫోను చేశాడు. గుర్తు భవనం నడిమధ్యన ఉండడం వల్ల దారి వెనక నుంచి చూపిస్తోంది. దానిని షట్టర్ ముందుకు జరపవచ్చా? రివ్యూ రాసినవారికి ఒక వడియాల ప్యాకెట్టు ఇద్దామని మా ఆవిడ అంటోంది, అది కూడా చెప్పండి.

జవాబు (వైట్‌ఫీల్డ్ సభ్యురాలు)

గుర్తును రోడ్డు వైపు అంచుకు జరపండి, చిరునామా అక్షరాలు మార్చకుండా గుర్తు ఒక్కటే కొద్దిగా జరిపితే సాధారణంగా ఇబ్బంది రాదు. వడియాలు మాత్రం వద్దని చెప్పండి. రివ్యూకు బదులుగా ఏ వస్తువు ఇచ్చినా, తగ్గింపు ఇచ్చినా నియమోల్లంఘనే. మనదేశంలో ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022 నవంబరులో వచ్చిన ఐఎస్ 19000 ప్రమాణం కూడా డబ్బిచ్చి కొన్న రివ్యూలను ఒప్పుకోదు. ప్రొఫైల్‌లోనే రివ్యూ అడిగే లింకు, క్యూఆర్ కోడ్ దొరుకుతాయి, ఆ కోడ్‌ను అచ్చు వేయించి కౌంటరు మీద పెట్టి, నచ్చినా నచ్చకపోయినా రాయమనండి. ఉప్పు ఎక్కువైందని ఎవరైనా రాస్తే ఆ రోజే మర్యాదగా జవాబు ఇవ్వండి. నచ్చలేదన్న కారణంతో రివ్యూను తీసివేయించడం కుదరదు, నియమాలను మీరినదైతేనే తీస్తారు.

వేళలు ఎలా పెట్టారో ఒకసారి చూసుకోండి. మధ్యాహ్నం, సాయంత్రం వేరువేరుగా తెరిచేవారు ఒకే రోజుకు రెండు విడతలు పెట్టుకోవచ్చు. ఉగాదికీ సంక్రాంతికీ ఊరు వెళ్లేటప్పుడు ప్రత్యేక వేళల్లో ఆ తేదీలను మూసివేతగా గుర్తించండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

గుర్తు జరిపాను, ఇప్పుడు దారి ముందు వైపు నుంచే చూపిస్తోంది. వేళల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి పది దాకా ఒకటే పెట్టి ఉంది. నాలుగింటికి వచ్చి మూసిన షట్టర్ చూసి వెళ్లిపోయినవారు ఎందుకు వెళ్లారో ఇప్పుడు అర్థమైంది. రెండు విడతలు చేశాను. వడియాల ప్యాకెట్లను మా ఆవిడ పది రూపాయల ధర వేసి కౌంటరు మీద పెట్టింది, క్యూఆర్ కోడ్‌కు కాస్త దూరంగా.